ఇంట్లో బాల్ పైథాన్ పెంచుకోవచ్చా? (హైదరాబాద్, అద్దె ఫ్లాట్)

కేపీహెచ్‌బీ_చిన్నోడు | శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. బీటెక్ ఫైనలియర్ చదువుతున్నా. కుక్క, పిల్లి, చేపలు ఇవేవీ కాదు, చిన్నప్పట్నుంచీ నాకు పామంటేనే ఇష్టం. జూపార్కుకి వెళ్తే మా అక్క ఏనుగుల దగ్గర, నేను పాముల దగ్గర. ఇన్‌స్టాలో ఒకతను బాల్ పైథాన్ (చిన్న రకం కొండచిలువ) పిల్లల్ని అమ్ముతున్నాడు. అడుగున్నర పొడవు, చాలా సాధువు అంటున్నాడు. 22 వేలు చెప్తున్నాడు, బేరమాడితే తగ్గుతాడేమో. విషం లేదని తెలుసు. నా డౌట్లు ఏంటంటే, మన దగ్గర ఇది లీగలేనా? తిండి సంగతేంటి, ఎలకల్ని నేనే పట్టాలా? కరెంటు పోతే ఎలా? ఫ్రెండ్స్‌తో ఉంటున్న ఫ్లాట్ ఇది. ఒకడు ఓకే అన్నాడు, ఇంకొకడికి ఇంకా చెప్పలేదు.

పాముకి పాలు పోసి పెంచడం గురించిన సామెత మాత్రం ఎవరూ చెప్పొద్దు ప్లీజ్. నాన్న ఫోన్లో ఆల్రెడీ చెప్పేశారు.

గోదారిగట్టు | శుక్రవారం రాత్రి 11:41

నాన్నగారు చెప్పేశాక మేమెందుకు చెప్తాం బాబూ. ఇంతకీ ఇంటి ఓనరుకి చెప్పావా?

కేపీహెచ్‌బీ_చిన్నోడు | శుక్రవారం రాత్రి 11:44

ఆయనకి అసలు చెప్పే ఉద్దేశమే లేదు అన్నా.

వకీలు_వనస్థలి | శనివారం ఉదయం 7:15

తమ్ముడూ, మన దేశపు పాము వేరు, బయటి దేశపు పాము వేరు. రెండిటికీ దారులు వేరు.

మన చుట్టూ కనిపించే పాములు, అంటే నాగుపాము, జెర్రిపోతు, నీరుకట్టె, కొండచిలువ, వీటిలో ఏదీ ఇంట్లో పెట్టుకోవడానికి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అది. విషం లేదు కదా, పిల్ల కదా, దెబ్బ తగిలితే కాపాడాను కదా, ఇవేవీ నిలబడవు. కొండచిలువ లాంటి మొదటి షెడ్యూల్ జంతువైతే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, 25 వేలకు తగ్గని జరిమానా.

బాల్ పైథాన్ మనది కాదు. ఘనా, టోగో, బెనిన్ వైపు పశ్చిమాఫ్రికా పాము. అందుకే ఇన్నాళ్ళూ అమ్మేవాళ్ళు "మన చట్టం దీనికి వర్తించదు" అని తిరిగారు. ఇప్పుడా మాట చెల్లదు. చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అడవి జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో ఉన్న విదేశీ జంతువులన్నిటికీ నాలుగో షెడ్యూల్ అని ఒకటి పెట్టారు. బాల్ పైథాన్ సైటిస్ రెండో అనుబంధంలో ఉంది కాబట్టి ఈ షెడ్యూల్లోకి వచ్చేసింది. 2024 ఫిబ్రవరి 28న నమోదు నియమాలు వచ్చాయి. అప్పటికే జంతువు ఉన్నవాళ్ళకి ఆరు నెలల గడువిచ్చారు, అది అయిపోయింది. ఇప్పుడు కొత్తగా చేతికొస్తే 30 రోజుల్లో పరివేష్ అనే కేంద్ర పర్యావరణశాఖ పోర్టల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇక్కడే ఉంది కిటుకు. దరఖాస్తులో "ఎక్కణ్ణుంచి వచ్చింది" అన్న గడి నింపాలి. అమ్మినవాడి పేరు మీద నమోదు లేకపోతే అక్కడ నువ్వేం రాస్తావ్?

అతను నీకు "2020 అడ్వైజరీ ఉంది, కాగితాలు అక్కర్లేదు" అని చెప్పే ఉంటాడు. 2020 జూన్‌లో కేంద్రం తెచ్చింది స్వచ్ఛంద వెల్లడి పథకం. అప్పటికే జంతువు ఉండి, ఆరు నెలల్లోగా చెప్పుకున్నవాళ్ళని మాత్రమే కాగితాలు అడగం అన్నారు. ఆ ముక్క చూపించి ఇవాళ్టి పిల్లని అమ్మడం పాత రేషన్ కార్డు మీద కొత్త సిలిండర్ అడిగినట్టుంటుంది.

బోడుప్పల్_బన్నీ | శనివారం ఉదయం 8:02

సార్, అయితే కార్న్ స్నేక్ తీసుకుంటే? అది సైటిస్‌లో లేదుగా?

వకీలు_వనస్థలి | శనివారం ఉదయం 8:30

లేదు, నిజమే. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము అది, నాలుగో షెడ్యూల్ నమోదు దానికి పట్టదు. కానీ మన దేశంలోకి ప్రాణమున్న జంతువు ఏది రావాలన్నా డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) దిగుమతి లైసెన్సు, పశు క్వారంటైన్ ఉండాలి. ఇక్కడే పుట్టిందంటే తల్లిదండ్రులు ఎలా వచ్చాయో అమ్మేవాడు చూపించాలి. అడిగి చూడు, సమాధానం వచ్చే వేగాన్ని బట్టే నీకు విషయం అర్థమవుతుంది.

ఈ పాములు చాలావరకు ఎలా వస్తున్నాయో తెలుసా? 2023 సెప్టెంబరులో బెంగళూరు విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళు బ్యాంకాక్ నుంచి వచ్చిన బ్యాగులు తెరిస్తే 78 జంతువులు బయటపడ్డాయి. అందులో 55 బాల్ పైథాన్లు, 17 గిరినాగులు. ఆరు కాపుచిన్ కోతులున్నాయి, అవి అప్పటికే చచ్చిపోయాయి. చెన్నై, తిరుచ్చి విమానాశ్రయాల్లో కూడా ఇలాంటివి పట్టుబడుతూనే ఉన్నాయి. పట్టుబడనివి ఇన్‌స్టాలో తేలతాయి.

ఎక్సోటిక్_కింగ్_ఆల్_ఇండియా_డెలివరీ | శనివారం ఉదయం 8:47

[ఫోన్ నంబరుతో అమ్మకం ప్రకటన పెట్టినందున తొలగించాం. ఈ వేదికలో ప్రాణుల కొనుగోళ్ళు, అమ్మకాలు లేవు. – నిర్వాహకులు]

ఫ్రిస్కో_వాణి | శనివారం ఉదయం 9:25

మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి గోల పడలేక తెచ్చాం. వాడు కాలేజీకి వెళ్ళిపోయాడు, పాము నాకు మిగిలింది. పేరు శేషు. (శేషు ఆడది అని తర్వాత తెలిసింది, పేరు మార్చలేదు.) టెక్సస్‌లో బాల్ పైథాన్‌కి పర్మిట్ అక్కర్లేదు. బాగా పెద్దగా పెరిగే జాతులకీ, బయటి దేశాల విషపాములకీ కావాలి. కాబట్టి చట్టం సంగతి వదిలేసి పెంపకం సంగతి చెప్తాను.

చిన్నోడూ, నువ్వు పాముని కొంటున్నాననుకుంటున్నావు. నిజానికి కొనేది ఒక వాతావరణాన్ని. పాము ఒంట్లో సొంత వేడి ఉండదు. ట్యాంకులో ఒక కొస 31–33 డిగ్రీలు, రెండో కొస 25–26 ఉండాలి. అన్నం అరగాలంటే వేడి వైపు వెళ్తుంది, చాలనుకుంటే చల్లని వైపు వస్తుంది. రెండు వైపులా దూరడానికి గుహలాంటిది ఒక్కొక్కటి పెట్టాలి. ఒక వైపే పెడితే భయమేసినప్పుడు ఎండైనా చలైనా అక్కడే కూర్చుండిపోతుంది. గాల్లో తేమ 60 శాతం చుట్టుపక్కల ఉండాలి, కుబుసం విడిచే రోజుల్లో ఇంకాస్త ఎక్కువ. కుబుసానికి ముందు కళ్ళు నీలంగా, పొగ కమ్మినట్టు అవుతాయి. ఆ రోజుల్లో దానికి సరిగ్గా కనపడదు, చెయ్యి పెడితే బుస్సుమంటుంది. అప్పుడు వదిలేయడమే.

తిండికి ఫ్రీజ్ చేసిన ఎలకలు దొరుకుతాయి. ముందు రోజు ఫ్రిజ్‌లో కింద పెట్టి కరగనిస్తాను, తర్వాత కవర్లో కట్టి వేణ్ణీళ్ళలో పెట్టి వెచ్చబెడతాను. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, పైన ఉడికి లోపల మంచుగా ఉంటుంది. పొడుగాటి పటకారుతో పట్టుకుని కాస్త ఆడిస్తే, శేషు మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాగి, ఒక్క క్షణంలో అందుకుని చుట్టేస్తుంది. అది చచ్చిన ఎలకే అయినా సరే, దాని పద్ధతి ప్రకారం ఊపిరాడకుండా చేసి, ఆగి, నాలుకతో తల ఎటుందో వెతుక్కుని, తలవైపు నుంచే మింగుతుంది. ఎలక లావు పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటికి మించకూడదు. పిల్లకి వారానికోసారి, పెద్దదానికి రెండు మూడు వారాలకోసారి చాలు. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కక్కేస్తుంది. చలికాలంలో నెలల తరబడి తినకుండా ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు ఏడుస్తారు. బరువు తగ్గకపోతే కంగారు పడక్కర్లేదు.

మాది శాకాహారం. ఎలకల కోసం గరాజ్‌లో విడిగా చిన్న ఫ్రీజర్ ఉంది. అది లేకుండా శేషు మా గడప తొక్కేది కాదు.

కిందటేడు అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చారు. పాము సంగతి మావారు ముందు చెప్పలేదు. చాలా రోజులు ఆవిడ ఆ గది వైపే రాలేదు. నాగులచవితి నాడు పొద్దున్నే లేచి చూద్దును కదా, ట్యాంకు ముందు ముగ్గు, అద్దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు, ఆకులో చలిమిడి, చిమ్మిలి. పాలగ్లాసు చేత్తో పట్టుకుని "మూత ఎటు తియ్యాలమ్మాయ్" అని నన్నే అడిగారు. పాలు దీనికి అరగవు అత్తయ్యా, మంచినీళ్ళే తాగుతుంది అంటే కాసేపు ఆలోచించి, నీళ్ళగిన్నె తనే కడిగి నింపారు. శేషు గుహలోంచి మూతి కూడా బయట పెట్టలేదు. చిమ్మిలి మేమే తినేశాం.

గోదారిగట్టు | శనివారం ఉదయం 9:40

వాణిగారూ, పాముకి పుట్టతో సహా అన్ని మర్యాదలూ జరిగాయన్నమాట.

పశువుల_డాక్టరు | శనివారం మధ్యాహ్నం 1:10

హైదరాబాద్‌లో ప్రాక్టీసు. పక్షులు, తాబేళ్ళు, పాములు కూడా చూస్తాను. వాణిగారు చెప్పింది బాగుంది, కానీ అది ఏసీ, హీటింగ్ ఉన్న అమెరికా ఇల్లు. ఇక్కడ లెక్క తలకిందులు. పుస్తకాలన్నీ వేడి ఎలా పెంచాలో చెప్తాయి, మనకి ఎలా తగ్గించాలో కావాలి. మే నెలలో పై అంతస్తు ఫ్లాట్‌లో గదే 38 దాటితే ట్యాంకులో పాము పారిపోవడానికి చల్లని మూల ఉండదు. ఆ గదికి పగలంతా ఏసీ వేయగలవా? హాస్టల్ తరహా ఫ్లాట్‌లో ఎవడైనా కాలేజీకి వెళ్తూ ఏసీ ఆఫ్ చేసి వెళ్తే సాయంత్రానికి పాము ఉండదు. ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు కాబట్టి కరెంటు ప్రశ్నకి జవాబు కూడా ఇదే. చలికాలం సమస్య చిన్నది. పొడిగాలి ఇంకోటి. ఎండాకాలంలో కుబుసం ఒక్కముక్కగా రాక తునకలు తునకలుగా వస్తుంది, కంటి మీది పొర అంటుకుపోతుంది, తోక కొసన ఉంగరంలా మిగిలితే రక్తం ఆడదు. అదే విశాఖ, కాకినాడ వైపు అయితే తేమ ఎక్కువై పొట్ట కింది పొలుసులు కుళ్ళుతాయి.

నా దగ్గరికి వచ్చే పాముల్లో ఎక్కువ చూసేది కాలిన పొట్టలు. ట్యాంకు కింద హీట్ మ్యాట్ పెడతారు, వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ పెట్టరు. కింద కాలుతున్నా పాము అక్కడే పడుకుంటుంది, లేచి పోవాలని దానికి తోచదు. పిల్ల ఖరీదు 20 వేలు పెట్టినవాళ్ళు థర్మోస్టాట్ దగ్గర బేరాలాడతారు. రెండోది, ప్రాణమున్న ఎలకని వేసి తలుపేసి వెళ్ళిపోవడం. పాముకి ఆకలి లేకపోతే రాత్రంతా ఎలకే పాముని కొరుక్కుతింటుంది. వెన్నెముక తేలిన పాముని చూశాను. నోరు తెరుచుకుని ఊపిరి తీస్తున్నా, ఈల వేసినట్టు చప్పుడొచ్చినా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా ఊపిరితిత్తుల జబ్బు. అప్పటికప్పుడు చూపించాలి. పాముని చూసే డాక్టరు నీ ఊళ్ళో ఉన్నాడా లేడా అన్నది కొనకముందు తెలుసుకోవాల్సిన విషయం.

ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే సరీసృపాలు వద్దనే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. సాల్మొనెల్లా అనే బాక్టీరియా పాముకి సాధారణంగా ఏమీ చెయ్యదు, పాము నుంచి మనకి వస్తుంది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు, నీళ్ళగిన్నె వంటింటి సింకులో కడగకూడదు. (వాణిగారూ, అత్తయ్యగారు ఎక్కడ కడిగారు?)

ఫ్రిస్కో_వాణి | శనివారం రాత్రి 8:05

గరాజ్‌లో, డాక్టరుగారూ. వంటింట్లోకి ఆవిడే రానివ్వలేదు.

సింహాచలం_కొండ | శనివారం రాత్రి 9:30

విశాఖలో పాముల్ని పట్టి అడవిలో వదిలే పని చేస్తాను, అటవీశాఖ వాళ్ళకి చెప్పే చేస్తాం. ఎక్కువ వచ్చే ఫోన్లు జెర్రిపోతు, నాగుపాము, రక్తపింజర. మాడుగుల వైపు నుంచి అప్పుడప్పుడు గిరినాగు.

చిన్నోడికి ఎవరూ చెప్పని మాట ఒకటుంది. నీ బాల్ పైథాన్ తప్పించుకుంటుంది. తప్పించుకోదు అనుకోకు. తల పట్టే సందు ఉంటే ఒళ్ళంతా పట్టినట్టే. చేపల ట్యాంకు మీద వల మూత పెట్టి పుస్తకం బరువు పెడతారు, రాత్రి అది ముక్కుతో మూల మూలా నొక్కి చూస్తుంది. బయటపడి మెట్ల మీదికో, పక్కవాళ్ళ షూ రాక్‌లోకో వెళ్ళిందనుకో, గోధుమరంగు ఒంటి మీద మచ్చలున్న లావుపాటి పొట్టి పాము. మన జనానికి అది ఏంటి? రక్తపింజర. కర్ర దొరికినవాడు కొట్టేస్తాడు, తప్పు పట్టలేం.

తిరగేసి కూడా జరుగుతుంది, అది ఇంకా భయంకరం. కొండచిలువ పిల్ల అనుకుని రక్తపింజరని చేత్తో పట్టుకుంటారు. వీడియోల్లో పైథాన్లని మెడలో వేసుకోవడం చూసి చూసి భయం పోతోంది. రక్తపింజరకి వీపు మీద మూడు వరసల్లో గొలుసులా కోడిగుడ్డు ఆకారపు మచ్చలుంటాయి, ఒక్కో మచ్చకీ నల్లటి అంచు. కుక్కర్ విజిల్‌కి ముందు వచ్చే ఆవిరిలాగా పెద్దగా బుస కొడుతుంది. తెలియకపోతే ఏ పామునీ ముట్టుకోవద్దు, అంతే. మన దేశంలో పాముకాటు చావులు ఏడాదికి సగటున 58 వేలని 2000–2019 లెక్కలు వేసిన పరిశోధకులు తేల్చారు.

సూర్యాపేట_రైతుబిడ్డ | శనివారం రాత్రి 10:12

వకీల్ సాబ్, మా వడ్ల గోదాంల ఒక జెర్రిపోతు ఉంటది. మేం తెచ్చిపెట్టలే, దానంతట అదే వచ్చింది. ఎలుకలు మస్తు తగ్గినయ్. గిది కూడ కేసేనా? ఇంకోటి, జెర్రిపోతు నాగుంబాముతోని జత కడ్తదని మా తాత అంటుండె. మా ఊళ్ళె ఒకాయన రెండు తలల పాము ఇంట్ల ఉంటే లక్ష్మి వస్తదని, కోటి రూపాయలకు పోతదని ఎవరెవరినో తోలుకొస్తున్నడు. గదేం ముచ్చట?

వకీలు_వనస్థలి | శనివారం రాత్రి 10:30

గోదాంకి దానంతటది వచ్చి, దానంతటది పోతుంటే కేసేముంటుంది అన్నా. బుట్టలో పెట్టి మూత వేస్తే కేసు. ఆ రెండు తలలాయనకి మాత్రం దూరంగా ఉండండి. కొన్నవాడూ అమ్మినవాడూ మధ్యవర్తీ ముగ్గురూ లోపలికే పోతారు.

సింహాచలం_కొండ | శనివారం రాత్రి 10:55

రైతన్నా, మీ జెర్రిపోతుని అలాగే ఉంచండి, పిల్లుల్ని పెంచే ఖర్చు తప్పింది. పట్టుకోబోతే కరుస్తుంది, విషం లేదు. నాగుపాముతో జత కట్టడం ఉత్తమాట. రెండు జెర్రిపోతులు పైకి లేచి పెనవేసుకుంటే జనం చూసి జత అనుకుంటారు. అవి రెండూ మగవే, కొట్టుకుంటాయి. ఒకదాని తల రెండోది నేలకి అదమాలి, అదే పందెం.

రెండు తలల పాముకి ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా తలలాగే ఉంటుంది, శత్రువు తోక మీద దెబ్బేస్తే తల దక్కుతుందని. మట్టిలో దూరి బతికే అమాయకపు జీవి. బరువుని బట్టి రేటు అని చెప్పి లోపల ఇనప గుళ్ళు మింగించిన వాటిని కూడా చూశాం. కోటి ఇచ్చేవాడు ఎప్పటికీ రాడు, అడ్వాన్సు తీసుకున్నవాడు మాత్రం మాయమవుతాడు.

ప్రకృతి_లక్ష్మి | ఆదివారం ఉదయం 6:50

అందరూ ఎలా పెంచాలో చెప్తున్నారు, ఎందుకు అని ఒక్కరూ అడగరేం? కుక్కంటే తోక ఊపుతుంది. పాముని గాజుపెట్టెలో పెట్టి చూస్తే మీకేం వస్తుంది, దానికేం వస్తుంది? పాములవాళ్ళ బుట్టకీ మీ ట్యాంకుకీ తేడా ఎల్‌ఈడీ లైటేనా?

ఫ్రిస్కో_వాణి | ఆదివారం ఉదయం 8:20

తేడా ఉందండీ. శేషుకి కోరలు పీకలేదు, నీళ్ళివ్వకుండా ఎండబెట్టలేదు.

నన్ను ప్రేమిస్తుందని అనుకోను. మూత తీయగానే బయటికొస్తే ముచ్చట పడేదాన్ని, అది తిండికోసం వచ్చే రాకట. అందుకే ఎత్తుకునే ముందు సన్నటి కొక్కెంతో వీపు మీద మెల్లగా తడతాను. తడితే "ఇవాళ భోజనం లేదు" అని దానికి అలవాటైంది. మణికట్టు చుట్టూ చుట్టుకుని కూర్చుంటుంది. వెచ్చగా ఉంటుందని అంతే. నాకు అది చాలు.

ప్రకృతి_లక్ష్మి | ఆదివారం ఉదయం 8:45

మీరు బాగా చూసుకుంటారు, ఒప్పుకుంటాను. కానీ మీ ఒక్క పాము వెనక ఉన్న వ్యాపారం? సొరుగుల బీరువాల్లో వందల పాములు, ఒక్కో సొరుగులో ఒకటి. రంగుల కోసం స్పైడర్ అనే రకాన్ని తయారుచేశారు, ఆ జన్యువు ఉన్న పాము తల నిలపలేదు, గిరగిరా తిరుగుతుంది, ఎలకని గురి పెడితే పక్కకి పోతుంది. అది తెలిసీ అమ్ముతూనే ఉన్నారు.

ఫ్రిస్కో_వాణి | ఆదివారం ఉదయం 9:02

స్పైడర్ విషయంలో మీతో వాదన లేదు. ఎవరూ కొనకూడదు.

సింహాచలం_కొండ | ఆదివారం ఉదయం 10:15

లక్ష్మిగారూ, పాములవాళ్ళ బుట్ట అన్నారు కాబట్టి. నాగపంచమికి హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు, అటవీశాఖ వాళ్ళు కలిసి బుట్టల్లోంచి విడిపించే నాగుపాముల్ని చూడండి. కోరలు విరిచేసి, కొన్నిటికి నోరు దారంతో కుట్టేసి ఉంటాయి. రోజుల తరబడి నీళ్ళివ్వరు, అందుకే పండగనాడు పాలు ముందు పెడితే దాహానికి తాగుతుంది. భక్తులకి అది మహిమ. విడిపించినవాటిలో చాలావరకు బతకవు. ఆ బుట్టనీ వాణిగారి ట్యాంకునీ ఒక గాటన కట్టలేం. అలాగని ఆ పాములవాళ్ళని తిడితే సరిపోదు, తరతరాలుగా వాళ్ళకి వచ్చిన విద్య అది, చట్టం వచ్చి కూడు పోయింది. తమిళనాడులో ఇరుళ్ళ వాళ్ళకి 1978లో సహకార సంఘం పెట్టి, పాముని పట్టి విషం తీసి మళ్ళీ వదిలే పని చూపించారు. మన ఆస్పత్రుల్లో పాముకాటుకి ఇచ్చే మందు తయారీకి ఆ విషమే ముడిసరుకు. మన వైపు అలాంటిది జరగలేదని నా బాధ.

సియాటిల్_సుబ్బు | ఆదివారం మధ్యాహ్నం 12:30

ఆ ఇరుళ్ళవాళ్ళే ఫ్లోరిడా దాకా వెళ్ళారు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మా కొండచిలువలు నిండిపోయాయి. ఎలా వచ్చాయనుకున్నారు? ముద్దుగా ఉందని కొన్న పిల్ల పదిహేను అడుగులయ్యాక ఇంట్లో పెట్టుకోలేక కాలవలో వదిలేశారు. 2012లో వచ్చిన పరిశోధనలో ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కు దక్షిణ భాగంలో రకూన్లు 99 శాతం తగ్గిపోయాయని తేలింది. వీటిని వెతకడానికి 2017లో మాసి సదైయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దర్ని తమిళనాడు నుంచి పిలిపించారు. అమెరికా వాళ్ళు కారులో తిరుగుతూ రోడ్డు మీద చూస్తుంటే, వీళ్ళు పొదల్లోకి దూరి ఆనవాళ్ళు పట్టుకుని లాగారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

నాకూ పాము కావాలని ఉంది. ఆపుతున్నది ఒకటే, వీసా. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సామాను సర్దాలి. కుక్కని విమానంలో తెచ్చుకున్నవాళ్ళని చూశాను. పామునైతే ఇక్కడ సైటిస్ ఎగుమతి అనుమతి, అక్కడ దిగుమతి లైసెన్సు. ఆ అరవై రోజుల్లో అయ్యే పని కాదు.

మెల్‌బోర్న్_మూర్తి | ఆదివారం మధ్యాహ్నం 2:05

ఆస్ట్రేలియాలో మీ బాల్ పైథాన్, కార్న్ స్నేక్ రెండూ నిషేధం. ఇక్కడి పాములే, రాష్ట్రాన్ని బట్టి లైసెన్సు. మా పక్కింటి తెల్లాయన కార్పెట్ పైథాన్ పెంచుతాడు, సంక్రాంతికి మేం పిండివంటలు ఇస్తే పాముని చూపించడానికి పిలుస్తాడు. న్యూజిలాండ్ వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు పాము మాటే మర్చిపోండి. సింగపూర్ కూడా అంతే.

పశువుల_డాక్టరు | ఆదివారం సాయంత్రం 6:40

సుబ్బుగారు అసలు విషయం పట్టుకున్నారు. చిన్నోడూ, బాల్ పైథాన్ సరిగ్గా చూసుకుంటే 20–30 ఏళ్ళు బతుకుతుంది. ఇప్పుడు నీకు 21 అనుకుందాం. ఉద్యోగం బెంగళూరా, పుణేనా, అమెరికా చదువా, ఏదీ తెలియదు. పెళ్ళి, పిల్లలు, ఐదేళ్ళలోపు పిల్లల మాట పైన చెప్పాను. ఇవన్నీ దాటి నీకు యాభై వచ్చేసరికి కూడా అది ఉండొచ్చు. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో ఒక ఆడ బాల్ పైథాన్ ఉండేది. 2020లో, వయసు 62 పైమాటే, మగపాము దగ్గరికి వచ్చి 15 ఏళ్ళు దాటాక ఏడు గుడ్లు పెట్టి అందర్నీ ఆశ్చర్యపరిచింది. వార్తలన్నీ గుడ్ల గురించే రాశాయి. నాకు తట్టింది వేరే. ఆ పాము 1961లో జూకి ఎలా వచ్చింది? పెంచుకున్నాయన ఒకాయన తెచ్చి ఇచ్చేశాడు. ఆయన ఇచ్చాక దాదాపు అరవై ఏళ్ళకి కూడా అది బతికే ఉంది.

అమెరికాలో జూ తీసుకుంది. నీకు కాగితాల్లేని పాముని ఇక్కడ ఎవరూ తీసుకోరు. అటవీశాఖకి ఇవ్వాలంటే ముందు నువ్వు సమాధానం చెప్పాలి.

గోదారిగట్టు | ఆదివారం సాయంత్రం 7:00

పెళ్ళిచూపుల్లో "అబ్బాయికి బాధ్యతలేమైనా ఉన్నాయా" అంటే ఏం చెప్పాలో కూడా ఆలోచించుకో.

బోడుప్పల్_బన్నీ | ఆదివారం సాయంత్రం 7:12

అమ్మాయికే పాము ఉంటే?

గోదారిగట్టు | ఆదివారం సాయంత్రం 7:15

అలాంటి సంబంధం వస్తే ముహూర్తం కూడా చూడక్కర్లేదు.

కేపీహెచ్‌బీ_చిన్నోడు | మంగళవారం రాత్రి 10:50

అందరికీ థ్యాంక్స్. అన్నీ చదివా, కొన్ని రెండేసిసార్లు. అప్‌డేట్ ఏంటంటే, అమ్మేవాడికి మెసేజ్ పెట్టా, "మీ పరివేష్ నమోదు కాగితం పంపండి, తల్లిపాము ఎక్కడిదో చెప్పండి" అని. మొదట "బ్రో ట్రస్ట్ మీ" అన్నాడు. తర్వాత "నీ ఆధార్ పంపు, కాగితం మేమే చేయిస్తాం" అన్నాడు. ఆధార్ ఎందుకన్నా, మూడువేలు తగ్గిస్తానన్నాడు. మళ్ళీ కాగితం అడిగితే బ్లాక్ చేశాడు.

కాబట్టి ఇప్పుడు కొనట్లేదు. ఎప్పటికీ కొనను అని మాత్రం అనను, అది వేరే విషయం. సింహాచలం అన్నా, పాముల్ని కాపాడే పని నేర్చుకోవాలంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? రెండో రూమ్మేట్‌కి ఈ చర్చ లింకు పంపా, వాడు నాతో మాట్లాడటం మానేశాడు.

సింహాచలం_కొండ | బుధవారం ఉదయం 6:30

హైదరాబాద్‌లోనే ఉన్నావు కదా, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ వాళ్ళని కలువు. మొదట్లో కర్ర కూడా చేతికివ్వరు, వెనక నిలబడి జనాన్ని దూరం జరపమంటారు. దానికి ఒప్పుకుంటేనే వెళ్ళు. రీల్స్ కోసమైతే వద్దు. నాగుపాముతో వీడియో తీస్తూ పోయినవాళ్ళందరూ బాగా పట్టగలమనుకున్నవాళ్ళే.

కేపీహెచ్‌బీ_చిన్నోడు | బుధవారం ఉదయం 9:05

ఓకే అన్నా. ఇంకో చిన్న డౌట్. ముందే ఆవేశపడి వడ్రంగితో నాలుగడుగుల చెక్కపెట్టె చేయించేశా, ముందువైపు గాజు తలుపు, పక్కన గాలికి చిల్లులు. మావాడు అందులో బట్టలు పెట్టుకుందామంటున్నాడు. వేరే దేనికైనా పనికొస్తుందా?

బోడుప్పల్_బన్నీ | బుధవారం ఉదయం 9:11

తాబేలు పెంచు మచ్చా. నక్షత్రాలుంటాయి చూడు వీపు మీద, అవి సూపరుంటాయి. మా ఏరియాలో ఒకడి దగ్గర ఉన్నాయి.

వకీలు_వనస్థలి | బుధవారం ఉదయం 9:14

బన్నీ, నక్షత్ర తాబేలు మన దేశపు జంతువు. ఇంట్లో పెడితే నేరం, 2019 నుంచి సైటిస్ మొదటి అనుబంధంలో కూడా ఉంది. మళ్ళీ మొదలుపెట్టకు నాయనా.

నిర్వాహకులు | బుధవారం ఉదయం 9:30

తాబేళ్ళ గురించి విడిగా చర్చ తెరవండి. చెక్కపెట్టె ఎవరికైనా కావాలంటే "సామాను, ఇచ్చిపుచ్చుకోవడం" విభాగంలో పెట్టండి, ఖాళీ పెట్టె అయితేనే.